లూషున్ డాక్టరు ఎందుకు కాలేదు? 1900 తర్వాత విదేశాలకు వెళ్ళిన చైనా విద్యార్థుల గురించి

గోదారిగట్టు

చైనా రచయిత లూషున్ కథలు చదివినవారికి ఈ సంగతి కొత్త కాదు. వైద్యం చదవడానికి జపాన్ వెళ్ళాడు. సూక్ష్మజీవుల పాఠం ముగిశాక సమయం మిగిలితే తరగతిలో రష్యా–జపాన్ యుద్ధం స్లైడ్లు వేసేవారు. ఒక స్లైడులో, రష్యాకు గూఢచర్యం చేశాడన్న నేరానికి ఒక చైనీయుడి తల నరకబోతున్నారు. చుట్టూ చేరి చూస్తున్నవారు కూడా చైనీయులే. అందరూ ఒళ్ళు బాగున్నవారే, ఏ ముఖంలోనూ చలనం లేదు. ఇలాంటి జనానికి మందులిచ్చి ఏం లాభమనుకుని ఆయన చదువు మానేసి సాహిత్యంలోకి వచ్చాడు.

ఇది 1906 నాటి సంఘటన. ఆయన దీన్ని రాసుకున్నది 1922లో, తన మొదటి కథా సంపుటి ముందుమాటలో. పదహారేళ్ళలో జ్ఞాపకం ఎంత సాపు అవుతుందో మనకు తెలుసు. ఒక్క బొమ్మ చూసి ఒక మనిషి జీవితం మార్చుకున్నాడంటే నాకు ఎందుకో పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. అప్పటికే లోపల చాలా పోగుపడి ఉండాలి. ఆ కాలంలో చైనా నుంచి విదేశాలకు వెళ్ళిన పిల్లలు ఎలా బతికారు, ఎవరు డబ్బిచ్చారు, ఏం నేర్చుకున్నారు? తెలిసినవారు రాస్తే చదవాలని ఉంది.

పాతసంచిక

మంచి ప్రశ్న. జపాన్‌తో మొదలుపెడతాను.

1895లో జపాన్ చేతిలో చైనా చిత్తుగా ఓడింది. అంతవరకు తమ దగ్గర అక్షరాలు నేర్చుకున్న చిన్న ద్వీపదేశమనుకున్నవారు తమను ఓడించడం చైనా పండితులకు తలకొట్టేసినట్టయింది. ఆ మరుసటి ఏడాదే, 1896లో, చైనా ప్రభుత్వం 13 మంది విద్యార్థులను జపాన్‌కు పంపింది. గెలిచినవాడి దగ్గరే గెలుపు రహస్యం నేర్చుకోవాలన్నమాట. ఆ 13 మంది బాధ్యత అప్పగించింది ఎవరికో తెలుసా? జూడోకు రూపమిచ్చిన కానో జిగోరోకు. లూషున్ 1902లో టోక్యో చేరినప్పుడు మొదట చేరింది కూడా ఆయన నడిపిన కోబున్ విద్యాసంస్థలోనే.

జపానే ఎందుకంటే, 1898లో జాంగ్ జిదోంగ్ అనే పెద్ద అధికారి ఒక పుస్తకంలో లెక్క తేల్చేశాడు. దారి దగ్గర, ఖర్చు తక్కువ, లిపి దాదాపు ఒకటే, పైగా పడమటి పుస్తకాల్లో అక్కరలేనివి జపానువారు ముందే వడకట్టి పెట్టారు. ఏడాది విదేశంలో చదివితే ఇంట్లో అయిదేళ్ళు పడమటి పుస్తకాలు చదివినదానికన్నా మేలని కూడా అన్నాడు. 1905లో శతాబ్దాల నాటి సివిల్ పరీక్షల పద్ధతినే రద్దు చేయడంతో, ఉద్యోగానికి వేరే దారి లేక కుర్రవాళ్ళంతా ఓడలెక్కారు. 1905–06 నాటికి టోక్యోలో చైనా విద్యార్థుల సంఖ్య దాదాపు 8,000కు చేరింది. అంతకు ఆరేడేళ్ళ ముందు వాళ్ళు కొద్ది వందలకు మించి లేరు.

అయితే వాళ్ళలో ఎక్కువమంది చదివింది నిజమైన డిగ్రీ కాదు. ఆరు నెలలు, ఏడాది సాగే 'త్వరిత' కోర్సులు. పోలీసు శిక్షణ, ఉపాధ్యాయ శిక్షణ, చట్టం లాంటివి. దుబాసీ పక్కన నిలబడి వాక్యం వాక్యం తర్జుమా చేస్తుంటే పాఠం జరిగేది. ఈ గిరాకీ చూసి డబ్బు కోసమే వెలసిన బడులకు కొదవ లేదు.

లెక్కలపంతులు

అంటే మన వీధి చివరి కోచింగ్ సెంటర్లకు అప్పటికే పునాది పడిందన్నమాట. సరే, డబ్బు సంగతి తర్వాత అడుగుతాను. ముందు లూషున్ సంగతి తేలనివ్వండి.

తొహోకు_తెలుగు

నేను ఉద్యోగరీత్యా సెందాయ్‌లో ఉంటాను. లూషున్ చదివిన వైద్యపాఠశాల ఇప్పుడు తొహోకు విశ్వవిద్యాలయంలో భాగం. ఆయన కూర్చున్న చెక్క మెట్ల తరగతి గదిని అలాగే కాపాడుతున్నారు. చైనా నుంచి వచ్చేవారు తప్పకుండా చూసి వెళతారు.

1904లో ఆయన సెందాయ్ ఎంచుకోవడానికి ఒక కారణం, అక్కడ చైనీయులెవరూ లేకపోవడం. టోక్యోలో తన తోటివారిని చూసి విసిగిపోయాడు. అప్పుడు చైనాను ఏలుతున్న మంచూ రాజుల ఆజ్ఞ ప్రకారం చైనా మగవాళ్ళు ముందు తల గొరిగి వెనక జడ వేసుకోవాలి. టోక్యో విద్యార్థులు ఆ జడను నెత్తిమీద చుట్టచుట్టి దానిపై టోపీ పెట్టేవారు, టోపీ కొండలా లేచి నిలబడేది. అది ఫుజీ పర్వతంలా ఉండేదని లూషున్ వెక్కిరించాడు. జడ విప్పుకున్నవారు వీధిలోకి వస్తే జపాను పిల్లలు చైనీయులను వెక్కిరించే 'చాన్‌చాన్ బోజు' అనే తిట్టు అరుస్తూ వెంటపడేవారు. లూషున్ 1903లోనే తన జడ కత్తిరించేశాడు.

సెందాయ్‌లో మొదట ఆయన బస జైలు పక్కన. ఖైదీలకు భోజనం పంపే వ్యక్తే ఆ ఇంట్లోవారికీ వండేవాడు. అది మర్యాద కాదని ఎవరో పట్టుబట్టి వేరే ఇంటికి మార్పిస్తే, అక్కడ రోజూ చేమ కాడల పులుసు మింగాల్సి వచ్చిందట.

ఇక ఫుజినో గెన్కురో అనే శరీర నిర్మాణ శాస్త్రం అధ్యాపకుడు. ఆయన లూషున్ నోట్సు తీసుకుని మొదటినుంచి చివరిదాకా ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవాడు, భాషలోని తప్పులతో సహా. రక్తనాళం గీత అందంగా ఉండాలని కాస్త పక్కకు గీస్తే, బొమ్మ బాగుండటం వేరు, రక్తనాళం ఉన్నచోటే ఉండటం వేరు అని చెప్పినవాడు. ఏడాది చివర పరీక్ష ఫలితాలు వచ్చాయి. 142 మందిలో లూషున్‌ది 68వ స్థానం. వెంటనే కొందరు జపాను విద్యార్థులు, ఫుజినో నోట్సులో గుర్తులు పెట్టి ప్రశ్నలు ముందే చెప్పేశాడని పుకారు లేపారు. బలహీన దేశంవాడికి తెలివి ఎక్కడిదన్నది వాళ్ళ తర్కం.

ఆ మార్కుల జాబితా ఈనాటికీ ఉంది. శరీర నిర్మాణ శాస్త్రంలో లూషున్‌కు వచ్చింది 59.3. అంటే ప్రశ్నలు చెప్పాడన్న మాస్టారి సబ్జెక్టులోనే ఆయన తప్పాడు!

గోదారిగట్టు

ఇదండీ నాకు కావలసింది. స్లైడుకు ముందే ఈ అవమానం ఉందన్నమాట.

తొహోకు_తెలుగు

అవును, వరస అదే. మీ అనుమానానికి ఇంకొక ఆధారం. విశ్వవిద్యాలయంలో ఆనాటి యుద్ధం స్లైడ్ల పెట్టె ఒకటి దొరికింది. దొరికినవాటిలో ఆ తల నరికే దృశ్యం లేదు. కొన్ని స్లైడ్లు పోయాయి కనుక ఉండేదే కాదని తీర్మానించలేం. అటువంటి ఫొటోలు అప్పటి పత్రికల్లో చాలా వచ్చాయి కూడా.

ఫుజినో తర్వాతి కాలంలో ఉద్యోగం పోయి సొంత ఊరి దగ్గర చిన్న వైద్యుడిగా బతికాడు. తన శిష్యుడు అంత పెద్ద రచయిత అయ్యాడని ఆయనకు తెలిసేసరికి లూషున్ చివరి రోజులు వచ్చేశాయి. 1936లో లూషున్ పోయాక ఫుజినో ఒక చిన్న వ్యాసం రాశాడు. చిన్నప్పుడు తనకు చైనా గ్రంథాలు నేర్పిన గురువు ఉండేవాడని, ఆ దేశపువాళ్ళను గౌరవించాలని తనకు అందువల్లే అనిపించేదని చెప్పాడు. తాను ప్రత్యేకంగా చేసిందేమీ లేదన్నట్టే రాశాడు. నాకు ఆ స్లైడు కథ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

నీలిసిరా

ఇంతసేపూ మగపిల్లల మాటే నడుస్తోంది. చియూ చిన్ పేరు ఎవరూ ఎత్తలేదేం?

1904లో ఆమె జపాన్ వెళ్ళేనాటికి ఇద్దరు పిల్లల తల్లి. భర్త ఒప్పుకోలేదు. తన పుట్టింటివారు పెట్టిన నగలు అమ్మి ఓడ ఖర్చులు సమకూర్చుకుంది. ఆడపిల్లల పాదాలు ఎదగకుండా చిన్నప్పుడే కట్టే కట్లు విప్పేసింది. టోక్యోలో షిమోదా ఉటాకో అనే విద్యావేత్త స్థాపించిన బాలికల పాఠశాలలో చేరింది. ఆ పాఠశాల ఆదర్శం 'మంచి భార్య, తెలివైన తల్లి'. అక్కడి నుంచి వచ్చిన విద్యార్థిని మగదుస్తుల్లో తిరిగింది, చేతిలో చిన్న కత్తితో ఫొటో దిగింది, బాంబుల తయారీ మీద ఆసక్తి పెంచుకుంది, సన్ యెట్ సేన్ విప్లవ సంఘంలో చేరింది. ఆ సంఘం పుట్టింది కూడా టోక్యోలోనే, 1905 ఆగస్టులో, ఎక్కువగా విద్యార్థుల మధ్యనే.

1907 జులైలో షావోషింగ్‌లో ఆమెను తల నరికి చంపారు. షావోషింగ్ లూషున్ సొంత ఊరు. ఆయన 1919లో రాసిన 'మందు' కథలో ఉరితీయబడిన యువకుడి వెనక ఉన్నది ఆమే అంటారు. స్లైడు చూసి రచయిత అయ్యాడని చెప్పేవాళ్ళు ఈ రెండో నరికివేత గురించి ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. ఇది ఫొటోలోని అనామకుడిది కాదు, టోక్యోలో ఆయనకు ఎదురుపడిన మనిషిది.

పాతసంచిక

'మందు'లో యువకుడిని నరికివేస్తారండీ, ఉరి కాదు. రొట్టెను ఆ నెత్తురులో ముంచి క్షయరోగికి తినిపించడమే కదా కథ. మిగతా అంతటితో ఏకీభవిస్తాను.

చియూ చిన్ తిరిగి వెళ్ళడానికి నేపథ్యం చెప్పాలి. 1905 నవంబరులో జపాన్ విద్యాశాఖ చైనా విద్యార్థుల మీద కొత్త నియమాలు తెచ్చింది. ప్రభుత్వం అనుమతించిన బడుల్లోనే చేరాలి, బసల మీద బడివారి నిఘా ఉండాలి, ఒకచోట 'దుష్ప్రవర్తన' కింద వెళ్ళగొట్టిన విద్యార్థిని మరొకచోట చేర్చుకోరాదు. డబ్బు కోసం నడిచే బడులను అదుపు చేయడానికే అని జపాన్ అన్నది. విప్లవకారులను ఏరివేయడానికి అని విద్యార్థులన్నారు. నా దృష్టిలో రెండూ నిజమే. విద్యార్థులు తరగతులు బహిష్కరించారు. అప్పుడొక ప్రధాన జపాను పత్రిక, ఇది చైనీయులకు సహజమైన 'విచ్చలవిడితనం, నీచత్వం' అని రాసింది.

చెన్ తియన్‌హువా అనే హునాన్ యువకుడు, అప్పటికే కరపత్రాలు రాసి పేరు తెచ్చుకున్నవాడు, డిసెంబరు 8న ఓమోరి తీరంలో సముద్రంలోకి నడిచి వెళ్ళి ప్రాణం తీసుకున్నాడు. అతను వదిలిన లేఖ చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అందులో జపాన్‌ను తిట్టింది తక్కువ. ఆ పత్రిక అన్న మాట అబద్ధమని మన నడవడితో రుజువు చేయండి అని తోటి విద్యార్థులను అడిగింది ఎక్కువ. అయినా ఆ మరణం తర్వాత పెద్దసంఖ్యలో విద్యార్థులు ఓడలెక్కి షాంఘై చేరారు. అక్కడ తమ సొంత కళాశాల పెట్టుకున్నారు. వెళ్ళిపోదామన్నవాళ్ళలో చియూ చిన్ ముందుంది. ఉండి చదువుకుందామన్నవాళ్ళలో లూషున్ ఒకడు.

నీలిసిరా

ఉరి, నరికివేత... సరే, కథలోని మాట మీరన్నదే. నా మాట మాత్రం మారదు.

డాలస్_నాన్న

మా అబ్బాయి ఇక్కడే ఎంఎస్ చేస్తున్నాడు కాబట్టి ఆసక్తిగా చదువుతున్నాను. జపాన్ అవమానించింది, సరే. అమెరికా మాత్రం ఉదారంగా ప్రవర్తించింది కదా? చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటు తర్వాత చైనా తనకు కట్టాల్సిన పరిహారాన్ని వెనక్కి ఇచ్చేసి దాంతో చైనా పిల్లలకు స్కాలర్‌షిప్పులు పెట్టింది. తర్వాత పెద్ద పండితుడైన హూ షి లాంటి మహామహులు అలా వచ్చినవాళ్ళే. ఈ మంచిని కూడా చెప్పుకోవాలి.

లెక్కలపంతులు

అయ్యా, నేను ఎదురుచూస్తున్న డబ్బు లెక్క వచ్చేసింది.

1900 బాక్సర్ తిరుగుబాటును ఎనిమిది దేశాల సైన్యాలు అణచాయి. 1901 ఒప్పందం ప్రకారం చైనా 45 కోట్ల టేళ్ళ (టేల్ అంటే అక్కడి వెండి తూకం) వెండి, 39 ఏళ్ళలో, 4 శాతం వడ్డీతో కట్టాలి. అప్పటి చైనా జనాభాకు తలా ఒక టేల్ అన్నమాట. అందులో అమెరికా వాటా దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు. ఆ తర్వాత అమెరికా విదేశాంగ శాఖకే తెలిసిపోయింది, తమకు జరిగిన నష్టం కన్నా చాలా ఎక్కువ అడిగామని. 1908లో వెనక్కి ఇస్తామన్నది ఆ ఎక్కువ అడిగిన భాగం. దుకాణంవాడు ఎక్కువ పుచ్చుకున్న చిల్లరను తిరిగి ఇస్తే ఉదారత అంటామా?

పైగా ఆ డబ్బును చైనా తనకు నచ్చినట్టు వాడుకోవడానికి వీల్లేదు. మంచూరియాలో పెట్టుబడులకు కావాలని చైనా అధికారులు కొందరు అడిగారు. అమెరికా చదువుకే అని పట్టుబట్టింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఎడ్మండ్ జేమ్స్ 1906లోనే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌కు విన్నవించాడు. చైనా యువతరాన్ని ఏ దేశం చదివిస్తుందో ఆ దేశానికే రేపు వ్యాపారంలోనూ ప్రభావంలోనూ లాభం దక్కుతుందని. ఇందులో దాపరికం ఏమీ లేదు.

డాలస్_నాన్న

లాభం చూసుకోకుండా ఏ దేశం ఏ పని చేసింది పంతులుగారూ? బ్రిటన్, ఫ్రాన్స్, జపాన్ కూడా అదే పరిహారం పుచ్చుకున్నాయి. 1908లో వెనక్కి ఇచ్చింది ఒక్క అమెరికాయే. ఆ డబ్బుతో చదివినవాళ్ళు దేశానికి పనికొచ్చారా లేదా?

లెక్కలపంతులు

పనికొచ్చారు. అందులో నాకు పేచీ లేదు. 'ఇచ్చింది' అనే క్రియ దగ్గరే పేచీ.

రైలుబండి

ఆ డబ్బు వెనక్కి రావడానికి గట్టిగా తిరిగినవాడు వాషింగ్టన్‌లోని చైనా రాయబారి లియాంగ్ చెంగ్. ఆయన గురించి చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. విషయం 1900 ముందుది అయినా దీనికి సంబంధించినదే.

1854లో యేల్‌లో పట్టా పుచ్చుకున్న మొదటి చైనీయుడు యుంగ్ వింగ్. ఆయన ఏళ్ళ తరబడి ప్రాధేయపడితే 1872 నుంచి 1875 వరకు చైనా ప్రభుత్వం విడతలుగా 120 మంది బాలురను కనెక్టికట్ రాష్ట్రానికి పంపింది. పదేళ్ళు, పన్నెండేళ్ళ పిల్లలు. అమెరికన్ కుటుంబాల ఇళ్ళలో పెరిగారు. బేస్‌బాల్ ఆడారు, చర్చికి వెళ్ళారు, కొందరు జడ తీసేశారు. పిల్లలు చేయిజారిపోతున్నారని పర్యవేక్షకులు పెకింగ్‌కు (ఇప్పటి బీజింగ్) ఫిర్యాదులు రాశారు. అదే సమయంలో అమెరికా సైనిక కళాశాలల్లో వీళ్ళకు చోటివ్వడానికి నిరాకరించింది. 1881లో అందరినీ వెనక్కి పిలిచేశారు. చదువు పూర్తయినవారు ఇద్దరే.

ఆ ఇద్దరిలో ఒకడు జాన్ తియన్‌యూ. యేల్‌లో రైల్వే ఇంజనీరింగ్ చదివి వస్తే ఆయన్ను తీసుకెళ్ళి ఫుజౌ నౌకాదళ బడిలో ఓడ నడపడం నేర్చుకోమన్నారు! రైలు పని చేయడానికి ఏళ్ళు పట్టింది. 1905 నుంచి 1909 వరకు పెకింగ్–జాంగ్‌జియాకోవ్ మార్గం వేశాడు. దాదాపు 200 కిలోమీటర్లు, విదేశీ ఇంజనీరు ఒక్కడూ లేకుండా. గొప్ప గోడకు దగ్గరలో బాదాలింగ్ కొండ వాలు మరీ నిటారు. అక్కడ పట్టాలను ఒక కోణంలో విరిచి, బండి ముందొక ఇంజను వెనకొక ఇంజను పెట్టి, దిశ మార్చుకుంటూ ఎక్కేలా చేశాడు. నేను వృత్తిరీత్యా ఘాట్ సెక్షన్లలో పనిచేసినవాణ్ణి. సొరంగం పొడవు తగ్గించడానికి అదెంత తెలివైన ఏర్పాటో నాకు తెలుసు.

లియాంగ్ చెంగ్ కూడా ఆ 120 మందిలోవాడే. ఆండోవర్ పాఠశాల బేస్‌బాల్ జట్టులో ఆడినవాడు. చదువు మధ్యలో వెనక్కి లాగేసిన పిల్లవాడు పాతికేళ్ళ తర్వాత రాయబారిగా వచ్చి, తర్వాతి తరం చదువుకు డబ్బు రాబట్టాడు. పంతులుగారి జమాఖర్చుల్లో దీన్ని కూడా వేయాలి.

పాతసంచిక

ఆ స్కాలర్‌షిప్పుల పోటీ వివరాలు. మొదటి పరీక్ష 1909లో, 47 మందిని ఎంపిక చేశారు. 1910లో 70 మంది. హూ షిది 55వ స్థానం. భాషాశాస్త్రంలో తర్వాత పేరుపొందిన జావో యువాన్‌రెన్‌ది రెండో స్థానం. నూటికి ఎనభైమంది ఇంజనీరింగ్, వ్యవసాయం, గనులు, విజ్ఞానశాస్త్రాలు చదవాలని నియమం.

అందుకే హూ షి కార్నెల్‌లో వ్యవసాయంలో చేరాడు. అక్కడ ఆ విభాగంలో ఫీజు లేదు, మిగిలిన డబ్బు ఇంటికి పంపవచ్చు. పండ్ల తోటల తరగతిలో ముందు రకరకాల ఆపిల్ పండ్లు పరిచి, ఏది ఏ రకమో పేర్లు చెప్పమనేవారు. తోటల మధ్య పెరిగిన అమెరికన్ పిల్లలు చూడగానే చెప్పేసేవారు. హూ షి కాండం పొడవు, గింజల గది ఆకారం చూస్తూ పుస్తకంలో వెతుక్కుంటూ గంటలు గడిపేవాడు. ఇందులో సగం రకాలు చైనాలో లేనే లేవు, వీటిని కంఠస్థం చేసి నేనేం చేస్తానని తత్వశాస్త్రానికి మారాడు. అక్కడి నుంచి కొలంబియా విశ్వవిద్యాలయానికి, తత్వవేత్త జాన్ డ్యూయీ దగ్గరకు.

గోదారిగట్టు

లూషున్ వైద్యం వదిలాడు, హూ షి వ్యవసాయం వదిలాడు. ప్రభుత్వం పంపింది ఒకందుకు, వీళ్ళు అయ్యింది మరొకటి.

పాతసంచిక

ఇంకా ఉన్నారు. గువో మోరువో ఫుకువోకాలో వైద్యం పూర్తిచేసి కవి అయ్యాడు. యూ దాఫు టోక్యోలో ఆర్థికశాస్త్రం చదివి కథకుడయ్యాడు. కానీ ఇంజనీర్లు ఇంజనీర్లుగానే ఉండిపోయినవారు వీళ్ళకన్నా చాలా ఎక్కువ. వాళ్ళు ఆత్మకథలు రాయలేదు, అంతే. 1915లో కార్నెల్ విద్యార్థులు కొందరు తమ జేబు ఖర్చుల్లోంచి మిగిల్చిన డబ్బుతో 'విజ్ఞానం' అనే చైనా పత్రిక మొదలుపెట్టారు. అది దశాబ్దాలపాటు నడిచింది.

నీలిసిరా

అమెరికా ఉదారత గురించి డాలస్ నాన్నగారికి ఒక మాట. 1882 చట్టం ప్రకారం చైనా కూలీలకు ఆ దేశంలో అడుగు పెట్టే హక్కు లేదు. విద్యార్థులకు మినహాయింపు ఉంది. కానీ రేవులో దిగిన ప్రతి చైనీయుడూ తాను కూలీ కాదని నిరూపించుకోవాల్సిందే. 1904లో సుంగ్ ఐలింగ్ అనే పదిహేనేళ్ళలోపు అమ్మాయి జార్జియా రాష్ట్రంలోని వెస్లియన్ కళాశాలలో చేరడానికి శాన్‌ఫ్రాన్సిస్కో చేరింది. కాగితాలు సరిగా లేవని రోజుల తరబడి ఆమెను రేవులోని ఓడల్లోనే ఉంచేశారు. తండ్రి ధనవంతుడు, క్రైస్తవుడు, తానే అమెరికాలో చదివినవాడు. ఏదీ పనికి రాలేదు. తర్వాత ఆమె తన తల్లి సోదరి భర్త వెంట ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్‌ను కలిసినప్పుడు ఆయన ముందే ఈ సంగతి ఎత్తి, అమెరికా స్వేచ్ఛాదేశమైతే చైనా అమ్మాయిని ఎందుకు ఆపారని నిలదీసిందంటారు. చెల్లెళ్ళు ఇద్దరూ తర్వాత అదే కళాశాలకు వెళ్ళారు. ఒకరు సన్ యెట్ సేన్‌ను, ఒకరు చియాంగ్ కై షేక్‌ను పెళ్ళాడారు.

1905లో షాంఘై మొదలుకుని చైనా నగరాల్లో అమెరికా వస్తువుల బహిష్కరణ జరిగింది ఇలాంటి వాటివల్లే. స్కాలర్‌షిప్పులు వచ్చింది ఆ తర్వాత.

డాలస్_నాన్న

సుంగ్ సోదరీమణుల సంగతి తెలుసు కానీ ఓడలో ఉంచేశారన్నది తెలియదు. ఇమిగ్రేషన్ అధికారి ఎదుట నిలబడ్డ ప్రతివారికీ ఆ గుబులు ఎంతోకొంత తెలుసు. అయినా కళాశాలల్లోపల ఇంత బాధ ఉండేది కాదనుకుంటాను.

నీలిసిరా

వెన్ యీదువో కవిని అడగాలి. 1922లో షికాగోలో చిత్రకళ చదవడానికి వచ్చాడు. అక్కడి చైనీయుల్లో చాలామంది బట్టలుతికే దుకాణాలు నడిపేవారు. విద్యార్థులను చూసి మీ నాన్న చాకలా అని అడగడం అమెరికన్లకు మామూలు. ఆయన దాని మీద ఒక పద్యమే రాశాడు. అడిగినవాడి మీద ఎదురు అరవకుండా, ఉతికేవాడి పక్షాన నిలబడి రాశాడు. చదువుకున్న ఇంటి బిడ్డ కూలివాడితో తనను కలుపుకోవడం ఆ విదేశంలోనే జరిగింది. చైనాలో ఉండి ఉంటే జరిగేదా అన్నది నా అనుమానం.

ఇక లోపలి తలుపుల గురించి. 1924లో లిన్ హుయీన్, లియాంగ్ సిచెంగ్ అనే జంట పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వాస్తుశిల్పం చదవడానికి వెళ్ళారు. అతన్ని చేర్చుకున్నారు. ఆడపిల్ల కాబట్టి ఆమెను ఆ శాఖలో చేర్చుకోలేదు. లలితకళల శాఖలో చేరి, వాస్తు పాఠాలన్నీ చదివింది. ఇద్దరూ తర్వాత చైనా పాత ఆలయాల సర్వే చేశారు. ఆమెకు రావాల్సిన వాస్తుశిల్ప డిగ్రీని ఆ విశ్వవిద్యాలయం 2024లో ఇచ్చింది, ఆమె చనిపోయిన దాదాపు 70 ఏళ్ళకు.

కొలిమి

ధనవంతుల పిల్లలు, ప్రభుత్వ పిల్లలు అయ్యారు. పనిచేసుకుంటూ చదవడానికి ఫ్రాన్స్ వెళ్ళినవారిని మరిచిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో మగవాళ్ళు లేక ఫ్యాక్టరీలు ఖాళీ పడ్డాయి. లీ షిజెంగ్ అనే చైనీయుడు పారిస్ దగ్గర సోయా ఫ్యాక్టరీ పెట్టినవాడు. ఫ్రెంచివాళ్ళకు సోయా పన్నీరు తినిపించాలని ఆయన తాపత్రయం. ఆయనా మిత్రులూ కలిసి 'కష్టపడి పనిచేయి, పొదుపుగా చదువు' అనే ఉద్యమం లేవదీశారు. 1919–1921 మధ్య 1,600 మందికి పైగా కుర్రవాళ్ళు, కొందరు అమ్మాయిలు మార్సెయ్ రేవులో దిగారు.

తర్వాత చైనాను నడిపిన డెంగ్ సియావోపింగ్ వాళ్ళలో ఒకడు, అప్పటికి 16 ఏళ్ళు. 1920 సెప్టెంబరులో షాంఘైలో ఓడెక్కి, హాంకాంగ్, సైగాన్, సింగపూర్, కొలంబో మీదుగా అక్టోబరులో చేరాడు. బాయో అనే ఊరి బడిలో కొన్ని నెలలు చదివేసరికి తెచ్చిన డబ్బు అయిపోయింది. 1921 ఏప్రిల్‌లో ల క్రూజో ఉక్కు ఫ్యాక్టరీలో చేరాడు. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీలను పటకారుతో లాగే పని. మూడు వారాల్లో మానేశాడు. తర్వాత మొంతార్జీ దగ్గర రబ్బరు ఫ్యాక్టరీలో బూట్లు కుట్టే విభాగంలో చేరాడు. మధ్యలో మళ్ళీ చదువు కోసం వెళ్ళి, డబ్బు చాలక తిరిగి వచ్చాడు. ఆ ఫ్యాక్టరీ రికార్డు కార్డు మిగిలి ఉంది. చివర రాసింది: 'పని చేయడానికి నిరాకరించాడు. మళ్ళీ తీసుకోవద్దు.'

యుద్ధం ముగిసి సైనికులు ఇళ్ళకు చేరడంతో చైనా కుర్రవాళ్ళకు ఉన్న పని కూడా పోయింది. 1921లో లియోన్ నగరంలో చైనా–ఫ్రెంచి కళాశాల తెరిచారు. తమకోసమే అనుకున్నారు వీళ్ళు. తీరా చైనా నుంచి కొత్తగా తీసుకొచ్చినవారికే సీట్లన్నారు. సెప్టెంబరు 21న వందమందికి పైగా వెళ్ళి ఆ కళాశాలను ఆక్రమించారు. పోలీసులు బంధించి, 104 మందిని మార్సెయ్‌లో ఓడెక్కించి చైనాకు పంపేశారు. వాళ్ళలో చెన్ యీ ఉన్నాడు, తర్వాత చైనా విదేశాంగమంత్రి. త్సాయ్ హెసెన్, లీ లీసాన్ ఉన్నారు. ఒక్క ఓడలో అంతమంది కమ్యూనిస్టు నాయకులను ఫ్రెంచి ప్రభుత్వమే స్వయంగా సరఫరా చేసిందన్నమాట.

లెక్కలపంతులు

తర్వాత ప్రధాని అయిన చౌ ఎన్‌లై కూడా అప్పుడే అక్కడే కదా?

కొలిమి

అక్కడే. 1920 నవంబరులో బయలుదేరాడు. అంతకు ముందు జపాన్‌లో రెండేళ్ళుండి ప్రవేశ పరీక్షలు తప్పాడు. ఫ్రాన్స్‌లో ఆయన ఫ్యాక్టరీ పని పెద్దగా చేయలేదు. తియాంజిన్ పత్రికకు విలేఖరిగా వ్యాసాలు రాస్తూ, ఒక పెద్దమనిషి ఇచ్చిన సాయంతో బతికాడు. డెంగ్ ఆయన దగ్గర పార్టీ పత్రికకు స్టెన్సిల్ రాసి సైక్లోస్టైల్ తీసే పని చేసేవాడు. తోటివాళ్ళు ముద్దుగా 'సైక్లోస్టైల్ డాక్టర్' అని పిలిచేవారు. అయిదేళ్ళు ఉండి వచ్చిన పట్టా అదే. 1926 జనవరిలో అక్కడి నుంచి మాస్కో వెళ్ళాడు. 1974లో ఐక్యరాజ్యసమితి నుంచి తిరిగి వెళుతూ పారిస్‌లో ఆగి, క్రొసాంట్లు కొనిపించి పెకింగ్ పట్టుకెళ్ళాడని చెబుతారు.

తొహోకు_తెలుగు

జపాన్, అమెరికా, ఫ్రాన్స్ మూడూ చూస్తే నాకొకటి తడుతోంది. షావోషింగ్‌వాడు, హునాన్‌వాడు, సిచువాన్‌వాడు ఇళ్ళ దగ్గర ఒకరి మాట ఒకరికి అర్థంకాని మనుషులు. టోక్యోలో మొదట ఒక్కో రాష్ట్రంవాళ్ళు ఒక్కో సంఘం, ఒక్కో పత్రిక పెట్టుకున్నారు. వీధిలో పిల్లవాడు అరిచే తిట్టుకు మాత్రం రాష్ట్రాల తేడా లేదు. వాళ్ళను చైనీయులుగా కలిపిన పనిలో సగం ఆ తిట్టే చేసింది.

పాతసంచిక

సగం కాదుగానీ, కొంత. మిగతా సగం పుస్తకాలు. రూసో, డార్విన్, మిల్ లాంటివారిని వాళ్ళలో చాలామంది మొదట చదివింది జపానీ అనువాదాల్లో. మంచూ ప్రభుత్వం తన సొంత డబ్బుతో పంపి, తనను కూల్చే పాఠాలు చదివించుకుంది.

డాలస్_నాన్న

చివరి ప్రశ్న, తండ్రిగా. తిరిగి వెళ్ళాక వీళ్ళకు ఉద్యోగాలు వచ్చాయా?

పాతసంచిక

రాకేమండీ. హూ షి 1917లో 26 ఏళ్ళు నిండకముందే పెకింగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. అప్పటికి డాక్టరేట్ చేతికి రాలేదు, అది వచ్చింది 1927లో. వాసర్‌లో, షికాగోలో చదివిన చెన్ హెంగ్జె 1920లో అదే విశ్వవిద్యాలయంలో మొదటి మహిళా ప్రొఫెసరు. ఆ 120 మంది బాలుర్లో ఒకడైన టాంగ్ షావోయీ 1912లో గణతంత్రానికి మొదటి ప్రధానమంత్రి. జపాన్ త్వరిత కోర్సులవారికి మాత్రం గిరాకీ తొందరగానే పడిపోయింది. ఊరికొకరు తయారయ్యారు.

మంచూ ప్రభుత్వం చివరి ఏళ్ళలో ఇంకొక పని చేసింది. పాత పరీక్షలు తీసేసింది కదా, విదేశీ డిగ్రీతో వచ్చినవారికి పెకింగ్‌లో కొత్త పరీక్ష పెట్టి పాత బిరుదులే ఇచ్చేది. 'జిన్‌షి' అనే ఆ బిరుదు ఒకప్పుడు జీవితమంతా గ్రంథాలు వల్లించినవారికి దక్కేది. ఇప్పుడు పశువైద్యం చదివి వచ్చినవాడూ జిన్‌షీయే.

రైలుబండి

పరీక్ష లేకుండా కూడా ఇచ్చారు. జాన్ తియన్‌యూకు ఇంజనీరింగ్‌లో జిన్‌షి బిరుదు ప్రకటించేనాటికి ఆయన వేసిన లైను మీద బళ్ళు తిరుగుతున్నాయి. అదే జాబితాలో యెన్ ఫు కూడా ఉన్నాడు. 1870ల్లో ఇంగ్లండ్ గ్రీనిచ్ నౌకాదళ కళాశాలలో చదివి, డార్విన్ సిద్ధాంతాన్ని ప్రచారం చేసిన హక్స్‌లీని చైనాలోకి తెచ్చినవాడు. పాత పరీక్షలు నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పినవాడు. బిరుదు వచ్చేసరికి ఆయనకు యాభై అయిదు దాటాయి. మరో రెండేళ్ళకు బిరుదు ఇచ్చిన ప్రభుత్వమే లేదు.